పొయ్యికో మందుల కార్డు

తెల్లవారగానే ఆవిడ మొట్టమొదట చేసే పని తోడికోడలి కాలు నొక్కి చూడటం. కాళ్ళు పట్టడం కాదు. మంచం పక్కన గొంతుక్కూచుని, చీలమండ ఎముకకి కాస్త పైన బొటనవేలు ఆనించి, గట్టిగా అదిమి తీసేది. వేలు తీసిన చోట చిన్న గుంట పడేది. ఆ గుంట చూస్తుండగానే పూడిపోతే ఆ రోజు మంచిరోజు. పూడకుండా, పిండిలో వేలు గుచ్చినట్టు అలాగే నిలిచిపోతే లోపల నీరు చేరుతోందన్నమాట. గుండె బలహీనమైనవాళ్ళకి అలా చేరుతుందని డాక్టరు ఒకసారి నొక్కి చూపించాడు. అంతే, ఆ పని ఇక ఎవరికీ వదల్లేదు ఆవిడ.

"ఏమేవ్, ట్యాంకు నిండిందా?" అనేది నొక్కుతూ.

"నిండితే నీ బొగ్గులు ఆర్పుకోడానికి పనికొస్తుందిలే. వేలా అది, ఇనప మేకా? కాస్త మెల్లిగా నొక్కక్కా."

"మెల్లిగా నొక్కితే అబద్ధం చెబుతుంది నీ కాలు. నీ పోలికే."

గుంట పూడేది. "సరే, బతికావు పో. లేచి పొయ్యి వెలిగించు" అని కొంగు బిగించుకుని బయటికి వచ్చేది. ఎదురు మేడ మెట్ల కింద ఆవిడ ఇస్త్రీ బల్ల. పెట్టెలో బొగ్గులు రాజేసి, విసనకర్రతో విసిరేది. ఆ పొగ వీధి మలుపు దాకా వస్తే నేను కొట్టు తలుపులు తీసే వేళ అయిందని లెక్క.

నాది వాళ్ళ ఇంటిని ఆనుకున్న చిల్లర కొట్టు. మా బియ్యం బస్తాలకీ వాళ్ళ మంచానికీ మధ్య ఒక్క గోడే. అందుకని నేను వినాలని వినకపోయినా ఆ ఇంటి మాటలు నా చెవిన పడుతూనే ఉండేవి.

వీధిలో అందరికీ ఆవిడ ఇస్త్రీ పెద్దమ్మ. తోడికోడలు చిన్నమ్మ. పెద్దమ్మ చేతి ఇస్త్రీ చొక్కా వేసుకుంటే మనిషి నిటారుగా నడిచేవాడు. గుండీ ఊడి ఉంటే కుట్టి పెట్టేది, కుట్టానని చెప్పేది కాదు. పసిపిల్ల ఉన్న ఇంటి మూట వస్తే వరస తప్పించి ముందు ఆ మూటే విప్పేది. కొత్తగా ఉద్యోగం అడగడానికి వెళ్ళే కుర్రాడి దగ్గర డబ్బు పుచ్చుకునేది కాదు. "వచ్చాక ప్యాంటుతో కలిపి ఇద్దువుగాని" అనేది. నోరు మాత్రం పెట్టెలో బొగ్గుల కన్నా వేడి. ఎవరైనా ఆలస్యమైందని గొణిగితే, "చొక్కా ముడతలు తీశాను. మొహం ముడతలు కూడా తియ్యమంటావా, ఇలా పడుకో బల్ల మీద" అనేది. తిట్టించుకున్నవాడు నవ్వుకుంటూ వెళ్ళేవాడు. ఆ నోటికి ఉన్నంత వేడి ఆ చేతికి లేదని అందరికీ తెలుసు.

ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చానని సామెత. వయసులో ఉన్నప్పుడు వీళ్ళని చూసినవాళ్ళెవరైనా ఆ సామెత ఈ ఇంట్లోనే పుట్టిందనుకునేవాళ్ళు. ఒకరోజు పెద్దమ్మ బొగ్గుల బూడిద ఎగిరి చిన్నమ్మ ఆరేసిన దుప్పటి మీద పడింది. దాని మీద ఒక మాట, ఆ మాట మీద ఇంకో మాట. సాయంత్రానికి వంటగది మధ్యకి ఒక రేకు అడ్డం వచ్చింది, రెండో పొయ్యి వచ్చింది. వేరు పడ్డారు.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. రేకుకి అటూ ఇటూ తిరిగే పిల్లి ఒకటి ఉండేది. దానితో చెప్పుకునేవాళ్ళు. "పిల్లీ, కొళాయి వచ్చింది, పట్టుకునేవాళ్ళు పట్టుకోవచ్చు" అని ఒకరంటే, "పిల్లీ, మాకూ చెవులున్నాయని చెప్పు" అని రెండోవాళ్ళు. అన్నదమ్ములిద్దరూ మాత్రం ఇళ్ళల్లో తెలియకుండా మా కొట్టు అరుగు మీద కలిసి టీ తాగేవాళ్ళు, దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూసుకుంటూ.

ముందు చిన్నాయన పోయాడు. కొన్నేళ్ళకి పెద్దాయన. ఆయన్ని సాగనంపి వచ్చిన రోజు పెద్దమ్మ చల్లారిన పొయ్యి ముందు కూచుంది. ఇద్దరికీ పిల్లల్లేరు. ఇక ఎవరికోసం వెలిగించాలి అన్నట్టు చూస్తూ కూచుంది. అప్పుడు రేకు కిర్రుమంది. చిన్నమ్మ దాన్ని పక్కకి లాగి, చేతిలో కంచంతో నిలబడింది. పిల్లితో చెప్పలేదు. నేరుగా చెప్పింది.

"తింటావా, నన్ను తినిపించమంటావా?"

పెద్దమ్మ తింది. మర్నాడూ అదే పొయ్యి మీదిది తింది. కొన్నాళ్ళకి పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచి తన పొయ్యినీ ఆ రేకునీ తూకానికి ఇచ్చేసింది. ఆ రోజు కొట్టుకి వచ్చి, "ఇవాళ్టి నుంచి మాది ఒకటే పొయ్యి, సరుకులన్నీ ఒకే పద్దులో రాయి" అంది. ఉద్యోగం వచ్చిన కొడుకు సంగతి చెప్పే తల్లి మొహం అలా ఉంటుంది. దేవుడు విడిపోయినవాళ్ళని కలపాలంటే ఎన్ని దారులు తొక్కుతాడో అనుకున్నాను. ఒకటే పొయ్యి అన్న మాట ఆవిడ ఎన్నాళ్ళయినా మానలేదు. కొత్తగా వీధిలోకి అద్దెకి వచ్చినవాళ్ళకి కూడా మొదటి మూట ఇస్త్రీ చేసి ఇస్తూ చెప్పేది. "మేం తోడికోడళ్ళం. అయినా ఒకటే పొయ్యి."

ఈ గొప్పే ఆవిడ కొంప ముంచింది.

చిన్నమ్మకి ఆయాసం మొదలై, డాక్టరు గుండెకి రెండు రకాల మాత్రలూ, నీరు తీసే మాత్ర ఒకటీ రాశాడు. బతికున్నంత కాలం వేసుకోవాలన్నాడు. బయట కొనాలంటే ఇద్దరి పింఛనూ, ఇస్త్రీ మీద వచ్చేదీ అంతా పోసినా చాలదు. అలాంటి ముసలివాళ్ళకి ప్రభుత్వం మందుల కార్డు ఇస్తుంది. ఆ కార్డు చూపిస్తే ఆసుపత్రి పక్కనున్న కౌంటర్లో నామమాత్రం ధరకి మాత్రలిస్తారు. చిన్నమ్మకి కార్డు వచ్చింది. ఆ కార్డు వచ్చాకే కాలి మీద గుంట పూడటం మొదలైంది. పెద్దమ్మ దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ప్రభుత్వాన్ని కూడా కలిపి పెట్టుకునేది. "ఎవరో ఒక పుణ్యాత్ముడు తలుచుకుని ఉంటాడు మనలాంటి ముసలి ముండల్ని" అనేది. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక పొద్దున సర్వే అబ్బాయి వచ్చాడు. కార్డులున్నవాళ్ళు నిజంగా బీదవాళ్ళేనా అని చూసి వెళ్ళడం అతని పని. మెడలో బిళ్ళ, చంకలో సంచీ. ఎక్కడెక్కడో తిరిగి వచ్చినట్టు చొక్కా నలిగిపోయి ఉంది. పెద్దమ్మ ప్రశ్నలు అడగనిస్తేనా.

"ముందా చొక్కా ఇటు తియ్యి నాయనా. ప్రభుత్వం మనిషివి ఇలా నలిగి తిరిగితే ప్రభుత్వానికే పరువు తక్కువ."

అతను మొహమాటపడుతూనే విప్పిచ్చాడు. బొగ్గుల బస్తా మీద బనీనుతో కూచుని అడుగుతుంటే, ఆవిడ చొక్కా మీద నీళ్ళు చిలకరిస్తూ జవాబులు చెప్పింది. నేను ఉప్పు పొట్లాలు కడుతూ వింటున్నాను.

"ఈ ఇంట్లో పొయ్యిలెన్నండీ?"

"ఒకటే."

అతను రాయబోయి ఆగాడు. ఆ ఆగడం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. తల ఎత్తకుండా మెల్లిగా అన్నాడు.

"ఇద్దరూ వేరువేరు మనుషులు కదా. రెండని రాసుకోమంటారా?"

పెద్దమ్మ పెట్టె ఎత్తి పక్కన పెట్టింది.

"రెండంటావేం? నిన్నెవరు పంపించారు, మమ్మల్ని మళ్ళీ విడగొట్టడానికి? ఈ వీధిలో ఎవర్నైనా అడుగు. ఇదిగో ఈ కొట్టాయన్ని అడుగు. మాది ఒకటే పొయ్యి. తూకానికి అమ్మేశాను రెండోది."

"అది కాదు పెద్దమ్మా..."

"ఏదీ కాదు. ఒకటని రాయి. నేను చూస్తుండగా రాయి."

అతను నా వైపు చూశాడు. నేను కూడా నవ్వుతూ, ఒకటే బాబూ అని తల ఊపాను. అతను రాశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, డబ్బు తీస్తే ఆవిడ పుచ్చుకోలేదు. వెళ్తూ వెళ్తూ ఇంకోసారి వెనక్కి తిరిగి చూశాడు. ఏదో మర్చిపోయాడేమో అనుకున్నాం.

కొన్నాళ్ళకి కౌంటర్ దగ్గరికి వెళ్ళిన చిన్నమ్మ ఖాళీ సంచీతో వచ్చింది. కార్డు మిషన్లో పెడితే ఆగిపోయిందని చూపిస్తోందట. మిషను చెడిపోయి ఉంటుందని ఇద్దరూ ఆ రోజు సరిపెట్టుకున్నారు. మర్నాడూ అంతే. మూడోసారి పెద్దమ్మ బల్ల మీద గుడ్డ కప్పేసి, నన్ను తోడు రమ్మంది.

ఆ ఆఫీసులో కూచోడానికి ఒక బల్ల, నిలబడటానికి ఒక వసారా. గోడ మీద నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ, కింద మీ ఆరోగ్యమే మా బాధ్యత అని. మా వంతు వచ్చేసరికి పెద్దమ్మ కాళ్ళు వాచాయి. అక్కడి అధికారిణి చెడ్డమనిషేమీ కాదు. ముందు మంచినీళ్ళిచ్చింది. తరవాత చూసి చెప్పింది.

"మీ ఇంటి రాబడి పరిమితి దాటిందమ్మా."

"మా ఇంట్లో రాబడి ఎక్కడుందమ్మా, నాకు తెలియకుండా?"

"మీ పింఛను, ఆవిడ పింఛను, మీ ఇస్త్రీ. మూడూ కలిపితే కొంచెం దాటుతోంది."

"అవి ఎందుకు కలిపారు? నాది నాది, దానిది దానిది. మనుషులం ఇద్దరం కదా."

"పరిమితి మనిషికి కాదమ్మా, ఇంటికి. ఇల్లంటే ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళు. మీరే చెప్పారు కదా ఒకటే పొయ్యి అని."

సర్వే అబ్బాయి ఎందుకు ఆగాడో, ఎందుకు వెనక్కి తిరిగి చూశాడో అప్పుడర్థమైంది మా ఇద్దరికీ.

"అంటే," అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. ఆ తగ్గిన గొంతే భయంగా ఉంది. "మేం కొట్టుకు చచ్చినన్నాళ్ళూ, రేకు అడ్డం పెట్టుకుని మొహాలు చూసుకోనన్నాళ్ళూ దానికి ఈ జబ్బుంటే మీరు మందులిచ్చేవాళ్ళు."

"నియమం ప్రకారం అయితే... ఇచ్చేవాళ్ళమే."

"కలిసి నాలుగు మెతుకులు తిన్నామని ఆపేశారు."

"నియమం నేను పెట్టలేదమ్మా."

"పెట్టినవాడు ఎవడో వాణ్ణి పిలు. వాడికి తోడికోడలు ఉండదులే, ముసలితల్లైనా ఉంటుంది కదా. వాడితో చెప్పు. సర్కారుకి మేం కొట్టుకుంటేనే ఇష్టమని ముందే చెబితే ఆ రేకు అమ్మేదాన్ని కాదు. తుప్పు పట్టిన రేకు, ఏం ఒరిగింది నాకు దాని మీద?"

వసారాలో ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. అధికారిణి తలుపు దగ్గరగా వేసి, మెల్లిగా చెప్పింది. వేరు పడితే కార్డు మళ్ళీ వస్తుంది. వేరే తలుపు ఉండాలి, వేరే పొయ్యి ఉండాలి. చూడటానికి మనిషి వస్తాడు, పొద్దున్నే పొయ్యిలు వెలిగే వేళకి, చెప్పకుండా. ఒకే చోట కనిపిస్తే మాత్రం ఇక కార్డు రాదు.

నాకు కోపం త్వరగా రాదు. నాలుగు అక్షరాలు నేర్పిన మా పల్లెటూరి పంతులు కోపం వస్తే పది సార్లు దేవుణ్ణి తలుచుకోమని చెప్పాడు. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా తలుచుకుంటూనే ఉన్నాను, తగ్గలేదు. దొంగ రాబడి దాచుకున్నవాడి కార్డు ఆపితే ఎవరూ కాదనరు. ఒక ముసలిది ఇంకో ముసలిదానికి కంచంలో అన్నం పెడితే అది రాబడి ఎలా అవుతుంది? ఆకలితో ఉన్నవాడికి పెట్టమని అన్ని మతాలూ చెబుతున్నాయి. పెట్టినందుకు జరిమానా వెయ్యమని ఏ దేవుడు చెప్పాడు?

వీధిలో ఈ సంగతి తెలిశాక ఎవరి చేతనైంది వాళ్ళు చేశారు. పాల ఆవిడ వాడని పొయ్యి తెచ్చి గుమ్మంలో పెట్టి, "ఊరికే పక్కన పెట్టి ఉంచండి, వాడొచ్చినప్పుడు వెలిగిస్తే సరి" అంది. మందుల కౌంటర్లో ఉండే ఆయన తన జేబులోంచి కొన్నాళ్ళకి సరిపడా మాత్రలు కొని, ఎవరో ఇచ్చారని అబద్ధమాడి చిన్నమ్మ చేతిలో పెట్టాడు. మా ఆవిడ రోజూ ఏదో ఒక వంకతో ఆ గుమ్మం తొక్కేది.

అబద్ధపు పొయ్యి మాత్రం పెద్దమ్మకి మింగుడు పడలేదు. "అబద్ధం ఆడే నోరు నాకుంటే ఆ రోజే రెండని చెప్పేదాన్ని కదా" అంది.

ఒక పొద్దున గోడ అవతల నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"మాత్ర వేసుకున్నావా నిన్న?"

"వేసుకున్నానక్కా."

"కాలు లేదంటోంది."

కాలు వెనక్కి లాక్కున్నట్టు మంచం కిర్రుమంది.

"చూడు. చూడవే దాన్ని. ఇంకా పూడలేదు. దబాయిస్తావేం? రోజు విడిచి రోజు మింగుతున్నావా?"

"ఉన్నవి అయిపోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాం? కొన్నాళ్ళు ఎక్కువ వస్తాయని..."

"మాత్రలు కొన్నాళ్ళు ఎక్కువొస్తాయి. నువ్వొస్తావా?"

కాసేపటికి డబ్బాలు సర్దుతున్న చప్పుడు. తరవాత చిన్నమ్మ గొంతు, ఆయాసపడుతూ.

"ఎక్కడికక్కా ఆ మూట?"

"మెట్ల కిందకి. అక్కడ వేరే తలుపుంది. పాల ఆవిడ పొయ్యి అక్కడ పెట్టుకుంటాను. వేరు పడమన్నారుగా, పడతాను. నిజంగానే పడతాను."

"బొగ్గుల మధ్య పడుకుంటావా? నీకు మతి పోయింది. నాకా మాత్రలొద్దు."

"నోర్ముయ్."

"వద్దంటే వద్దు. నువ్వుండు చాలు."

"మాత్ర లేకపోతే నువ్వుండవు. నువ్వు లేని ఇంట్లో నేనుండి ఏం చెయ్యను, పిల్లితో మాట్లాడనా?"

"నేనేం గొంతెమ్మ కోరికలు కోరలేదక్కా," అంది చిన్నమ్మ. ఏడుస్తోందో, ఊపిరి అందడం లేదో తెలియలేదు. "మాత్రా కావాలి, నువ్వూ కావాలి. రెండూ ఉంటే ఎవరి సొమ్మేం పోయింది?"

ఈ ప్రశ్నకి జవాబు చదువుకున్నవాళ్ళు ఎవరైనా చెప్పగలిగితే నేను వాళ్ళ కాళ్ళకి దండం పెడతాను.

పెద్దమ్మ మెట్ల కిందకి మారింది. ఇస్త్రీ బల్ల కింద చాప, మూలన పొయ్యి, పొయ్యి పక్కన ఒకే ఒక్క కంచం. వండుకోడం ఏనాడో మర్చిపోయిన మనిషి. మొదటిరోజు అన్నం మాడింది. మాడిన వాసన వీధి దాటి చిన్నమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. చిన్నమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడి, కంచం చేత్తో పట్టుకుని, అటు అడుగు వెయ్యబోయి ఆగిపోయింది. ఎవరైనా చూస్తే? ఆ మనిషి ఇవాళే వస్తే? వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. ఎదురెదురు గుమ్మాలు, మధ్య ఒక బండి పట్టేంత వీధి. దొంగ సరుకు చేరవేసేవాళ్ళలా ఆ రెండు గుమ్మాల మధ్య అన్నం కంచం భయపడింది.

మళ్ళీ పాత రోజులొచ్చాయి. ఇప్పుడు పిల్లి లేదు. మా ఆవిడే పిల్లి.

"దాన్ని అన్నం తిన్నాకే మాత్ర వేసుకోమను. ఖాళీ కడుపున వేసుకుంటే మంట" అని పెద్దమ్మ.

"మాడిందాన్ని గీరి తినొద్దను. కడుపు నొప్పొస్తుంది" అని చిన్నమ్మ.

పొద్దున్నే కాలు నొక్కి చూసే పని కూడా మా ఆవిడ మీదే పడింది. తెల్లారి పొయ్యిలు వెలిగే వేళకే ఆ మనిషి వస్తాడని చెప్పారు కదా, అందుకని ఆ వేళ పెద్దమ్మ ఆ గుమ్మం తొక్కేది కాదు. పగలు తిరిగాక నొక్కితే ఎవరి కాలైనా వాచే ఉంటుంది, పొద్దున చూస్తేనే లెక్క. బల్ల దగ్గర నిలబడి, బొగ్గులు రాజేస్తూ, మా ఆవిడ బయటికి రాగానే మొహం వైపు చూసేది.

"ఎలా ఉంది?"

"పూడిందమ్మా. బాగానే ఉంది."

"ఊఁ" అనేది. నమ్మినట్టు ఉండేది కాదు.

ఆవిడ నోటి వేడి ఈసారి ఎవరికీ నవ్వు తెప్పించలేదు. ఆ రోజుల్లో బొగ్గు ఎగిరినా, నీళ్ళడబ్బా దొర్లినా ప్రభుత్వానికే తిట్లు. ఒకసారి పెట్టె ఎక్కువ కాగి ఎవరిదో తెల్ల చొక్కా కాలింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కాలలేదు. ఆ గుడ్డని చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసి, "ఇదీ వాళ్ళ ఖాతాలోనే వెయ్యి" అంది నాతో. చొక్కా గలాయన పర్వాలేదు పెద్దమ్మా అని పాతది తొడుక్కుని వెళ్ళాడు. ఆయన మంచితనం ఆవిడ కోపాన్ని ఇంకా పెంచింది. "ఇంతమంది మంచివాళ్ళున్నారు వీధిలో. వీళ్ళలో ఒక్కడైనా ఆ నియమం రాసే కుర్చీలో కూచోకూడదా" అంది.

సర్వే అబ్బాయి వచ్చింది మబ్బు పట్టిన ఒక పొద్దున. అదే సంచీ, అదే నలిగిన చొక్కా. ముందు చిన్నమ్మ గుమ్మంలోకి వెళ్ళి పొయ్యి చూశాడు. వీధి దాటి వచ్చి మెట్ల కింద పొయ్యి చూశాడు. చాప చూశాడు. ఒకే కంచం చూశాడు. రాసుకుంటున్నప్పుడు అతని చెయ్యి ఆగలేదు గానీ మొహం ఎర్రబడింది.

పెద్దమ్మ ఇస్త్రీ ఆపలేదు. కూచోమనలేదు.

"రెండని రాశానండీ," అన్నాడు. "ఇవాళ సాయంత్రానికి కార్డు పనిచేస్తుంది. నేనే వెళ్ళి చెప్పి చేయిస్తాను."

"సంతోషం."

"ఆ రోజు నేను చెప్పబోయాను పెద్దమ్మా. మీరు..."

"నువ్వు చెప్పబోయావు. నేనే వినలేదు. నీ తప్పేం లేదు. నిజం చెబితే శిక్ష వేస్తారని నాకెవరూ నేర్పలేదు, అంతే."

అతను సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "కొన్నాళ్ళపాటు అప్పుడప్పుడూ వచ్చి చూస్తూ ఉండాలండీ. పొద్దున పూటే. నాకే వేశారు ఈ వీధి. కలిసి కనిపిస్తే మాత్రం..."

"తెలుసు. ఆఫీసులో ఆవిడ చెప్పింది."

పెట్టెని రాయి మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఆవిడ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. కోపం అలాగే ఉంది. దాని వెనక నుంచి ఇంకేదో వస్తున్నట్టుంది.

"నాయనా, ఒక పని చేసిపెడతావా?"

"చెప్పండి పెద్దమ్మా."

"పొద్దున్నే ఆ గుమ్మం తొక్కితే నేను దొంగనవుతాను. నువ్వు తొక్కొచ్చు. నిన్నెవరూ ఏమీ అనరు. ఈ కొట్టాయన భార్య రోజూ వెళ్ళి దాని కాలు నొక్కి చూసి వస్తోంది, బంగారుతల్లి. కానీ మెత్తని చెయ్యి, అంతకన్నా మెత్తని మనసు. గుంట నిలిచినా, నేను కుమిలిపోతానని నిలవలేదనే చెబుతుంది. నువ్వలా చెప్పవు. నేను ఒకటంటే నువ్వు ఒకటే రాశావు."

అతను తల దించుకున్నాడు. ఆవిడ బొగ్గుల బస్తా మీద తన కాలు పెట్టి, అతని చెయ్యి పట్టి కిందకి లాగి, బొటనవేలు తన చీలమండ పైన ఆనించింది.

"ఇక్కడ. ఎముకకి కాస్త పైన. ఇంకా గట్టిగా. అది అరుస్తుంది, తిడుతుంది కూడా. తిట్టనీ, వదలకు. వేలు తీశాక చూడు, పూడిందా, నిలిచిందా. వచ్చినప్పుడల్లా మా పొయ్యిలు లెక్కపెట్టుకో, అయ్యాక ఒక్కసారి దాని కాలు నొక్కి, ఉన్నది ఉన్నట్టు నాకొచ్చి చెప్పి వెళ్ళు నాయనా."